తొకిజికి పద్నాలుగే

నిషివాకి గారూ, మీకు రెండు లెక్కలూ తెలుసు. తెలిసే అడిగారు, తెలిసే రాసుకున్నారు.

ఏటా వేసవిలో రేవు పక్కన స్మారక సభ పెడతారు. మీరు ముందు వరసలో తెల్ల చేతితొడుగులు వేసుకుని కూర్చుంటారు. మీ పక్కనున్న అధికారి మైకు ముందుకొచ్చి "సైన్యంతో పాటు నిలవడానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ద్వీపవాసులు" అని చదువుతాడు. మీరు తల ఊపుతారు. ఎవడండీ ముందుకొచ్చింది? ముందుకు రాలేదు, నిలబెట్టారు. ఎవరిని ఏ లెక్కన నిలబెట్టారో మీకు తెలుసు, నాకు తెలుసు. మిగతావాళ్ళకి తెలియాలని ఇది రాస్తున్నాను. నా రాత మోటుగా ఉంటుంది. ఉండనివ్వండి.

మా ద్వీపం పేరు ఇక్కడ రాయను. ఆ పేరు వింటే జనానికి యుద్ధం గుర్తొస్తుంది. మాకు చెరకు గుర్తొస్తుంది, గంధకం కంపు గుర్తొస్తుంది, పొద్దున్నే వేడి నేలలో గుంట తీసి పూడ్చిన చిలగడదుంప మధ్యాహ్నానికి ఉడికి ఉండటం గుర్తొస్తుంది. అసలు ఆ పేరు రాయకూడదని మాకు మొదట చెప్పిందే మీరు. పందొమ్మిది వందల నలభై నాలుగు, వానలు మొదలయ్యే ముందు.

మా ఇంటి ముందుగదే ఊరి పోస్టాఫీసు. మా అమ్మ షిగె దాన్ని నడిపేది. నేను కిటికీ దగ్గర కూర్చుని స్టాంపులు అమ్మేదాన్ని. ఓడ ఎప్పుడో నెలకోసారి వచ్చేది. దాని కూత వినపడితే చాలు, ఊరంతా మా వాకిట్లో చేరేది. అమ్మ ఉత్తరాలు గట్టిగా చదివేది. చదువు వచ్చినవాళ్ళవీ చదివేది, రానివాళ్ళవీ చదివేది. ఎవరి కబురైనా అందరూ వినాల్సిందే, అది మా మర్యాద. ఎవడైనా తన ఉత్తరం చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడంటే వాడింట్లో ఏదో చెడు జరిగిందని అర్థం.

సైన్యం దిగింది. ఒక పటాలం, తర్వాత ఇంకొకటి. చెరకు తోటలు చదును చేసి విమానాలకి బాట వేశారు. మా ముందుగదికి సార్జెంట్ కొగురె వచ్చాడు. సైన్యంలో చేరక ముందు మంగలి. నడుం దగ్గర ఇంకా కత్తెర ఉండేది.

"అమ్మా, ఆ ముద్ర ఇలా ఇవ్వండి" అన్నాడు.

"ఏ ముద్ర?"

"తేదీ ముద్ర. ఊరి పేరున్నది."

"మా ఊరి ముద్ర మీకెందుకు బాబూ?"

"ఇకనుంచి ఊరికి పేరు లేదమ్మా. నంబరుంది."

అమ్మ ఇచ్చేసింది. అరువు తెచ్చుకున్న గిన్నె తోమి తిరిగిచ్చినట్టు, నూనెగుడ్డతో తుడిచి మరీ ఇచ్చింది. ఆ రోజు నుంచి మా గది సైనిక తపాలా. నన్ను ఉత్తరాలు విడదీసి కట్టలు కట్టే పనిలో పెట్టుకున్నారు. సంచులు రేవుకి మోసే పని మా తమ్ముడు తొకిజికి ఇచ్చారు.

గోడ మీద ఒక కాగితం అంటించారు. ఉత్తరాల్లో ఏం రాయకూడదో అందులో ఉంది. చోటు పేరు రాయకూడదు. ఓడల సంగతి, మనుషుల సంఖ్య, నీళ్ళ సంగతి, ఎండావానా ఏవీ రాయకూడదు. సైనికులు కార్డు చేతిలో పట్టుకుని ఆ గోడ ముందు నిలబడి బుర్ర గోక్కునేవాళ్ళు.

"సార్, 'వేడిగా ఉంది' అని రాస్తే శత్రువుకి ఏం తెలుస్తుంది?" అని ఒకడు అడిగాడు.

"దక్షిణాన ఉన్నామని తెలుస్తుంది" అన్నాడు కొగురె.

"అయితే చలిగా ఉందని రాస్తాను."

"అబద్ధం రాసినందుకు తంతాను."

"మరేం రాయమంటారు?"

"ఉన్నానని రాయి. అంతకంటే మంచి కబురు మీ ఆవిడకి ఏం కావాలి?"

తొకిజి సంచి మీద కూర్చుని పకపకా నవ్వాడు. వాడి గొంతు అప్పుడే మారుతోంది. నవ్వు సగంలో పిల్లిపిల్ల అరుపులా జారిపోయేది. అది విని సైనికులు ఇంకా నవ్వేవాళ్ళు. చెరకు మోసి భుజాలు వెడల్పయ్యాయి, కాళ్ళు పొడుగు సాగాయి, ముఖం మాత్రం పాలబుగ్గల ముఖం. నిండు సంచి ఒక్కడే ఎత్తుకునేవాడు. నేనూ అమ్మా కలిసి పట్టుకుంటే గానీ లేవని సంచి అది.

"అక్కా, ఇంతమంది రాస్తుంటే నీకొక్కడూ రాయడేం?" అని ఏడిపించేవాడు.

"నీలాంటి తమ్ముడున్నాడని తెలిసి పారిపోతున్నారు."

"పారిపోవడానికి చోటెక్కడుంది? ఎటు చూసినా సముద్రమే!"

మా వెనకగదిలో లెఫ్టినెంట్ బస చేశాడు. ఆయనే మీరు, నిషివాకి గారూ. శుభ్రమైన మనిషి, చదువుకున్న మనిషి. అమ్మని "తల్లీ" అని పిలిచేవారు. మా నాన్న కుమెగొరో మిమ్మల్ని చూసి మురిసిపోయాడు. "చదువుకున్నవాడు న్యాయం తప్పడు" అనేవాడు. నాన్న జీవితంలో పొరబడింది ఆ ఒక్క మాటలోనే అని నేనంటాను. ఊళ్ళోవాళ్ళు ఇంకోటంటారు. దానికి వస్తాను.

మా ద్వీపంలో వాగు లేదు, తీపినీళ్ళ బావి లేదు. తవ్వితే గంధకం నీళ్ళు పడతాయి. కప్పు మీద పడిన వానని తొట్టిలోకి మళ్ళించుకుని, ఆ నీళ్ళే ఏడాదంతా తాగాలి. మీరొచ్చిన పక్షం లోపే తొట్టికి తాళం పడింది, పక్కన తుపాకీవాడు నిలబడ్డాడు.

"బాబూ, అది మా కప్పు మీద పడ్డ వాన" అన్నాడు నాన్న, నవ్వుతూనే.

"ఇప్పుడు కప్పు సైన్యానిది పెద్దాయనా" అన్నారు మీరు, నవ్వుతూనే.

"వాన?"

"వాన చక్రవర్తిది."

నాన్న వంగి నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత పూటకో డబ్బా నీళ్ళ కోసం మా ఇంటి తొట్టి దగ్గరే వరసలో నిలబడ్డాం. నాన్న కుడి మోకాలు అప్పటికే పాడైంది, ఎక్కువసేపు నిలబడలేడు. తొకిజి రెండు డబ్బాలూ తనే పట్టుకుని నిలబడేవాడు. మంచి నీళ్ళు చాలక సైనికులు గంధకం బావుల నీళ్ళు తాగి విరేచనాలతో పడిపోతున్నారు. 'నీళ్ళు అగ్గిపుల్లల వాసన వస్తున్నాయి' అని వాళ్ళు రాస్తే కొగురె నల్లసిరా పూసేవాడు. సాయంత్రానికి ఆయన వేళ్ళు బొగ్గు పట్టినట్టు ఉండేవి.

జూన్లో విమానాలొచ్చాయి. మావి కావు. పాఠశాల సగం కాలింది, చెరకు గానుగ కాలింది. తర్వాత నోటీసు పెట్టారు. ద్వీపవాసులంతా ఓడెక్కి వెళ్ళిపోవాలి. పదహారు నుంచి అరవై వరకు మగవాళ్ళు సైన్యం పనికి ఉండాలి.

పదహారు నుంచి అరవై. ఏ లెక్కన? అది నోటీసులో లేదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో కుర్రవాళ్ళకి తెలియదు. మాలో బిడ్డ పుట్టగానే ఒకటో ఏడు. కొత్త సంవత్సరం రాగానే ఊరంతటికీ తలా ఒక ఏడు పెరుగుతుంది. ఆ లెక్కన డిసెంబరు నెలాఖర్లో పుట్టినవాడు వారం తిరక్కుండానే రెండేళ్ళవాడు. నవ్వొస్తుందేమో. మీ తాతలూ అలాగే లెక్కపెట్టారు. కాగితం లెక్క వేరు. పుట్టినరోజు తిరిగొస్తేనే అక్కడ ఏడు నిండినట్టు. కచేరీకి, బీమాకి, సైన్యానికి ఆ నిండిన లెక్క. ఇంట్లో, వీధిలో, పెళ్ళిమాటల్లో ఈ నడిచే లెక్క. 'నీకెన్నేళ్ళు' అని ఎవరైనా నోటితో అడిగితే మా నోట నడిచే లెక్కే వస్తుంది. ఎలుక పిల్లకి నేల తవ్వడం నేర్పక్కర్లేదన్నట్టు, ఆ లెక్క మాకెవరూ నేర్పలేదు.

ఆ ఏడు కొత్త సంవత్సరానికి నాన్నకి అరవై ఒకటి వచ్చాయి. అరవై ఏళ్ళ చక్రం తిరిగి మళ్ళీ పసివాడయ్యాడని మాలో ఎర్ర చొక్కా తొడుగుతారు. అమ్మ చేతులు లేని ఎర్ర చొక్కా కుట్టింది. ఊరంతా వచ్చి చెరకు సారా తాగి, నాన్నని ఉయ్యాలలో పాపలా ఊపి గోల చేశారు.

పేర్లు రాసుకునే రోజున నాన్న ఆ ఎర్ర చొక్కా తొడుక్కుని వచ్చాడు. అరవై దాటినవాడినని దూరం నుంచే కనపడాలని.

కాలిపోయిన పాఠశాల ముందు బల్ల వేశారు. మీరు కూర్చున్నారు. పక్క బల్ల దగ్గర నేను వెళ్ళేవాళ్ళ మూటలకి చీటీలు కడుతున్నాను. మగవాళ్ళ వరసలో తొకిజి అందరికంటే ముందున్నాడు. ఎందుకు ముందున్నాడంటే, వాడికి ఎక్కడైనా ముందుండాలి. అన్నం దగ్గర కూడా.

"పేరు?"

"తొకిజి అండి. మీకు తెలుసుగా!"

"వయసు?"

"పదహారండి!" గొంతు మళ్ళీ జారింది. వెనకాల నవ్వారు.

"గట్టివాడివి" అన్నారు మీరు. రాసుకున్నారు.

నాకు తప్పేమీ అనిపించలేదు. అమ్మకీ అనిపించలేదు. ఆ వరసలో ఒక్కరికీ అనిపించలేదు. వాడు పదహారేళ్ళవాడే, ఆ ఏడు కొత్త సంవత్సరానికి మేమే అనుకున్నాం. అది మాకు పొరపాటు కాదు, వాడి వయసు. ఉండిపోతాడని ఏడుపొచ్చింది, అంతే. ఊళ్ళో ఇంకా చాలామంది ఇళ్ళల్లో అదే ఏడుపు.

తర్వాత నాన్న వంతు.

"వయసు?"

"అరవై ఒకటి బాబూ" అన్నాడు, ఎర్ర చొక్కా అంచు సర్దుకుంటూ.

మీరు కలం ఆపారు. చొక్కా వంక చూశారు. "చొక్కా బాగుంది పెద్దాయనా. కానీ అది నడిచే లెక్క కదా. ఏ ఏడు, ఏ నెల పుట్టారు?"

"మెయిజీ చక్రవర్తి పదిహేడో ఏడు. పదో నెల."

మీరు వేళ్ళ మీద కూడా లెక్కపెట్టలేదు. "అంటే నిండినవి యాభై తొమ్మిది. అరవై కూడా కాలేదు. ఉండాలి."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న కూడా నవ్వబోయాడు. ఆ నవ్వు ముఖం మీదికి రాకముందే నేను లేచాను. చేతిలో చీటీల దారం అలాగే ఉంది.

"అయ్యా, మరి మా తమ్ముడికి?"

"ఏమిటి?"

"వాడికీ నిండినవే లెక్కపెట్టండి. వాడు డిసెంబరులో పుట్టాడు. పద్నాలుగే నిండాయి."

"పదహారని వాడే చెప్పాడు."

"అరవై ఒకటని మా నాన్నా చెప్పాడు!"

నిషివాకి గారూ, అప్పుడు మీరు నా కళ్ళలోకి చూశారు. తెలియనివాడు అలా చూడడు. తెలియనివాడైతే 'అవునా' అంటాడు. మీరు కలం మూత పెట్టి, "రాసింది కొట్టేస్తే పైవాళ్ళు ఊరుకోరు. పుట్టిన కాగితం తెచ్చి చూపించు, దిద్దుతాను" అన్నారు.

ఊరి పుట్టుక దస్త్రాలన్నీ పెట్టెల్లో సర్ది ముందు ఓడలో పంపేశారు. ఎక్కించింది మీ మనుషులే. దగ్గరుండి ఎక్కించింది మీరే. సముద్రం మీద ఎక్కడో పోతున్న కాగితాన్ని తెచ్చి చూపించమన్నారు.

నాన్న అక్కడే, అందరి ముందే ఎర్ర చొక్కా విప్పాడు. మడత పెట్టి అమ్మకిచ్చాడు. ఒక్క మాట అనలేదు.

అందరూ అన్నారు మాటలు. "కుమెగొరో కన్నకొడుకు వయసు సరిగ్గా చెప్పుకోలేకపోయాడు" అని రేవులో మూటల మీద కూర్చుని మా వాళ్ళే అన్నారు. తర్వాత కూడా, ఇన్నేళ్ళూ, అంటూనే ఉన్నారు. ఆ మాట అన్నవాళ్ళతో నేను పోట్లాడాను, ఇప్పటికీ పోట్లాడతాను. తాతల నాటి లెక్క చెప్పినవాడిది తప్పా? వచ్చిన ప్రతివాడికీ, వాణ్ణి పట్టి ఉంచడానికి ఏ లెక్క పనికొస్తే ఆ లెక్క తీసినవాడిది తప్పా? పిల్లాడికి నడిచే లెక్క, ముసలాడికి నిండిన లెక్క! ఒకే బల్ల, ఒకే కలం, ఒకే పొద్దు. చేపల సంతలో రెండు తక్కెడలు పెట్టినవాణ్ణి చెప్పుతో కొడతాం.

సాయంత్రం అన్నాల దగ్గర తొకిజి మాత్రం మామూలుగానే తిన్నాడు.

"ఎందుకంత ఏడుపు? నేనుంటేనే నయం. నాన్నకి నీళ్ళెవడు మోస్తాడు?"

"నీకు పద్నాలుగేరా" అన్నాను.

"పొద్దున పదహారు, సాయంత్రం పద్నాలుగు. రేపటికి నన్ను మళ్ళీ ఉయ్యాల్లో వేస్తారా?"

అమ్మ వాడి నెత్తిన ఒక్కటి మొట్టి, తన దుంప కూడా వాడి గిన్నెలో వేసింది.

మర్నాడు నేను కొగురె దగ్గరికి పోయాను. ఆయన తల ఎత్తలేదు. కత్తెరతో దారం కత్తిరిస్తూ, తనలో తను అనుకున్నట్టు అన్నాడు: "ఓడలో తపాలా సంచులు పోతాయి. సంచులతో మోసేవాడు ఓడ మీదిదాకా పోవాలి. వాడు దిగాడా లేదా అని చూడ్డం నా పని కాదు. నా పని సంచులు."

"రేవులో పేర్లు పిలుస్తారుగా?"

"ఓడ కదిలాక పిలుస్తారు." మళ్ళీ అన్నాడు, "నా పని సంచులు."

ఓడ నల్లఇసుక ఒడ్డుకి దూరంగా ఆగింది. పడవల మీద జనాన్ని చేర్చారు. ఒక్కొక్కరికి ఒక్క మూటే. అమ్మని అడుగు గదిలోకి పంపించి నేను పైన సంచుల దగ్గర నిలబడ్డాను. తొకిజి తాళ్ళ నిచ్చెన మీద ఎక్కుతూ దిగుతూ సంచులన్నీ చేర్చాడు. చివరి సంచి దించాక వాడి చొక్కా పట్టుకున్నాను.

"కూర్చో."

"ఏంటి?"

"ఇక్కడ, సంచుల మధ్య. కూర్చో. లేవకు."

వాడికి అర్థమైంది. కూర్చున్నాడు. నిజంగా కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డం కింద పెట్టుకుని, నాలుగు వైపులా సంచులతో. అప్పుడు వాడు పద్నాలుగేళ్ళవాడిలాగే కనిపించాడు. నేను ఒక సంచి లాగి వాడి ముందు అడ్డంగా పెట్టాను. ఓడ లంగరు గొలుసు కదలడం మొదలైంది.

"అక్కా, నాన్న కనిపిస్తున్నాడా?"

చూశాను. చూడకుండా ఉండాల్సింది కాదని ఎవరైనా అంటే అననివ్వండి. ఒడ్డున మగవాళ్ళంతా వరసగా ఉన్నారు. నాన్న వరసలో లేడు. నీళ్ళ అంచుకి వచ్చి, మోకాలు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. రెండో చెయ్యి ఎత్తి, రావద్దు రావద్దు అన్నట్టు అడ్డంగా ఊపుతున్నాడు.

"కనిపిస్తున్నాడు. నిన్ను రావద్దంటున్నాడు" అన్నాను.

తొకిజి సంచి పక్కకి తోసి లేచి చూశాడు. కాసేపు చూశాడు.

"నేనిక్కడున్నానని తెలుసన్నమాట" అన్నాడు. తర్వాత, "మోకాలు పట్టుకున్నాడు చూడు" అన్నాడు.

అంతే. నిచ్చెన ఇంకా లాగేయలేదు, కింద ఆఖరి పడవ తాడు విప్పుతోంది. దిగేశాడు. నేను పట్టుకున్న చొక్కా చెయ్యి కుట్టు ఊడి నా చేతిలో ఉండిపోయింది.

అమ్మ అడుగు గదిలోంచి పైకొచ్చి సంచుల మధ్య ఖాళీ చూసింది. నా చేతిలోంచి ఆ చొక్కా చెయ్యి తీసుకుని, మడతపెట్టిన ఎర్ర చొక్కా లోపల పెట్టింది.

తర్వాతది త్వరగా చెప్తాను.

రాజధానికి ఉత్తరాన, ఒక చుట్టాల కొట్టుగదిలో మమ్మల్ని పడేశారు. 'దీవోళ్ళు' అని పిల్లలు రాళ్ళేసేవాళ్ళు. మా దస్త్రాలు ఏ కచేరీలో ఉన్నాయో వెతుక్కుంటూ తిరిగాను. ఒక వసారాలో సముద్రపు చెమ్మ ఆరని పెట్టెలు గుట్టగా పడున్నాయి. గుమాస్తా కాళ్ళావేళ్ళా పడి తొకిజి పుట్టుక నకలు తీయించాను. రెండు ప్రతులు. ఒకటి మీ పేర, ఒకటి వాడి పేర, సైనిక తపాలాలో వేశాను. ఊరి పేరు లేదు, నంబరు రాశాను. ఆ నంబరు నాకు బాగా తెలుసు, ఎన్ని వేల ఉత్తరాల మీద చూశానో.

అందింది. అందలేదని మీరు అనలేరు. ఎందుకంటే ఆకులు రాలే కాలంలో వాడి కార్డు వచ్చింది. సగం నల్లసిరానే. కానీ ఇది చదవగలిగాం:

'అక్కా, నేను బాగున్నాను. నాన్న బాగున్నాడు. నీ కాగితం లెఫ్టినెంట్ గారు చూశారు. డిసెంబరుకి పదిహేను నిండుతాయి, కొత్త ఏటికి నడిచే లెక్కన పదిహేడు కూడా వస్తాయి, ఇంక తొందరేముంది అన్నారు. అందరూ నవ్వారు. అమ్మ నవ్విందా?'

ఆ వాక్యాల మీద సిరా పడలేదు. పక్కనే కొగురె తనిఖీ ముద్ర ఉంది. చదివాడు, వదిలాడు. ఆయన చేయగలిగింది అది. చేశాడు. ఆయన ఎముకలూ అక్కడే ఉన్నాయి.

ఆ కార్డు అమ్మకి గట్టిగా చదివి వినిపించాను. కొట్టుగదిలో మాతోపాటున్న మూడు కుటుంబాలూ విన్నాయి. ఎవరూ నవ్వలేదు.

ఓడలు లేవు, పిల్లాణ్ణి పంపడానికి దారి లేదు అని ఆ తర్వాత మాకు చెప్పారు. దారి లేకపోతే ఈ కార్డు ఎలా వచ్చింది? విమానంలో వచ్చింది. విమానం మందులు తెచ్చేది, తిరిగెళ్ళేటప్పుడు ఉత్తరాల సంచులు పట్టుకెళ్ళేది. 'ఉన్నాను' అని రాసిన కార్డుల సంచులు. నేను ఆ సంచులు ఎత్తినదాన్ని. నిండు సంచులు రెండు దించితే తొకిజి పడతాడు, ఇంకా చోటు మిగులుతుంది. ప్రతి విమానానికీ రెండు సంచులు దించవచ్చు. దించలేదు. ఉన్నానని రాసిన అక్షరాలని తెచ్చారు. ఉన్నవాణ్ణి అక్కడే వదిలారు.

ఇంకో కార్డు కొత్త సంవత్సరం తర్వాత వచ్చింది. దాన్ని అమ్మ చంకలో పెట్టుకుని బయటికి పోయి ఒక్కతే చదువుకుంది. మా ఊళ్ళో దాని అర్థం ఏమిటో ఇందాకే చెప్పాను. అందులో సిరా కాక మిగిలింది ఇంతే: 'నాన్నకి ఇప్పుడు నీళ్ళ అవసరం లేదు.'

అమ్మ పోయేదాకా ఆ కార్డు ఎవరికీ చదివి వినిపించలేదు. నేను ఇప్పుడు వినిపిస్తున్నాను. ఆ తర్వాత వాడి నుంచి ఇంకో కార్డు రాలేదు, వాడూ రాలేదు.

ఇక మీ సంగతి. మీరు ఎలా బతికారో నాకు చాలా ఏళ్ళు తెలియదు. మీ నోటితో మీరే చెప్పారు, మూడేళ్ళ కిందట సభలో. "ఆఖరి తపాలా విమానంలో నన్ను పంపారు. వీరుల ఉత్తరాల సంచులని ప్రాణంలా కాపాడుకుంటూ వచ్చాను" అన్నారు. జనం కన్నీళ్ళు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు, లెక్కపెట్టుకున్నాను. మీరు బలంగా ఉండేవారు, నిషివాకి గారూ. మీ కోసం మూడు సంచులు దించి ఉంటారు. మా వాడికి రెండు చాలు.

ఆ రోజు సభలో లేచి అడిగాను. ఇద్దరు కుర్రాళ్ళు నన్ను మర్యాదగా రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, టీ ఇచ్చి కూర్చోబెట్టారు. "అమ్మమ్మగారూ, శోకం మాకు అర్థమవుతుంది" అన్నారు. నాది శోకం కాదు నాయనా, ఫిర్యాదు. శోకానికి టీ ఇస్తారు. ఫిర్యాదుకి జవాబు ఇవ్వాలి.

మా ద్వీపం ఇప్పుడు పరాయివాళ్ళ చేతిలో లేదు. మనదేనట. కానీ మేం పోకూడదు. ఏడాదికోసారి సైన్యం విమానంలో తీసుకెళ్ళి, పూలు పెట్టించి, పొద్దుగూకే లోపు తిరిగి తెస్తారు. మొన్న దిగాను. విమానం చక్రాలు నేలకి తగిలినప్పుడు కింద ఏముందో నాకు తెలుసు. ఆ బాట కింద మా చెరకు తోట ఉంది, మా తొట్టి ఉంది, మనుషులున్నారు. వాళ్ళ మీద రోజూ దిగుతున్నారు, లేస్తున్నారు. దిగినప్పుడల్లా ఎముక పొడి అవుతుంది. బాట తవ్వితే రక్షణకి నష్టమట. ఆనాడు వాన చక్రవర్తిదన్నారు, ఈనాడు మట్టి సైన్యానిదంటున్నారు.

కాబట్టి ఈ వేసవి సభలో నాకు పూలు వద్దు, టీ వద్దు. నిషివాకి గారూ, మీరు లేచి మైకు దగ్గరికి వెళ్ళండి. మీ దస్త్రంలో 'తొకిజి, పదహారు, స్వచ్ఛందం' అని ఉన్న వాక్యం అందరి ముందూ చదవండి. చదివి, అదే కలంతో కొట్టేయండి. పైవాళ్ళు ఊరుకోరన్నారుగా, పైవాళ్ళు ఇప్పుడు మీ పక్కనే కూర్చుని ఉంటారు, అడగండి. పట్టుకున్నప్పుడు పద్నాలుగు అని రాయండి. చనిపోయినప్పుడు పదిహేను అని రాయండి. మా నాన్నది కూడా ఒకే లెక్కన రాయండి.

ఆ పక్కన కూర్చున్న దొరలూ, మీరు పలుగులు పట్టండి. బాట తవ్వండి. ఏ ఎముక ఎవరిదో తేల్చలేమని సాకు చెప్పకండి. మోకాలు అరిగిన ముసలివాడి ఎముక ఒకటి ఉంటుంది. దాని పక్కనే, ఇంకా పెరగాల్సిన ఎముక ఒకటి ఉంటుంది. ఆ రెండూ తీసి నా చేతిలో పెట్టండి. ఎర్ర చొక్కా నా దగ్గరే ఉంది, అందులో కట్టుకుని నేనే మోస్తాను. బరువని మాత్రం అనకండి. మీ తపాలా సంచులు మోసిన చేతులివి.